శుక్రుడి మీద మొగులు

మాస్కో
2 నవంబర్ 1975

సుగుణమణి అత్తమ్మకు, తీతు మామకు మీ మేనకోడలు సుసన్నా వందనాలు.

జ్వరం తగ్గింది, తింటున్నాను. హాస్టలు నిండా ఉడకబెట్టిన క్యాబేజీ వాసన, తడిసిన ఉన్నికోట్ల వాసన కలిసి పొద్దున్నే ముక్కుకు కొడుతుంది. ఇక్కడి మంచు ఫొటోల్లోనే తెల్లగా ఉంటుంది. బస్సులు తిరిగే వీధిలో రెండు రోజులకే మన బొగ్గు నింపే బంకరు దగ్గరి బురదలాగా నల్లబడుతుంది. ఎలా ఉంటుందని నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను, ముచ్చటపడి కాదు.

ఒక మంచి సంగతి ఉంది. ఇన్నాళ్లూ ఇతరుల అనువాదాల్లో అచ్చుతప్పులు దిద్దడమే నా ఉద్యోగం. ఇప్పుడు ప్రచురణాలయంవాళ్లు నాకంటూ ఒక పుస్తకం ఇచ్చారు. గ్రహాల మీద పిల్లల కోసం రాసింది. ఏ గ్రహానికి ఏ యంత్రం వెళ్లింది, అక్కడ ఏం చూసింది, చివరికి ఏమైపోయింది అన్న కథ. రష్యన్ నుంచి తెలుగు చేయాలి. పోయిన నెలే ఇక్కడివాళ్ల యంత్రం శుక్రగ్రహం మీద దిగి, ఆ నేల ఫొటో తీసి పంపింది. మన వేగుచుక్కే అత్తమ్మా. పలకలు పలకలుగా రాళ్లు, ముసురు పట్టిన రోజులాంటి వెలుతురు. సీసం కరిగిపోయేంత వేడి. మబ్బుల్లో నీళ్లు లేవు, ఆసిడ్ ఉందట. గాలి బరువుకే మనిషి నలిగిపోతాడట. దిగిన యంత్రం గంటసేపు కూడా పనిచేయలేదు. పంపాల్సింది పంపి చచ్చిపోయింది.

ఆ కథను ఒక అధ్యాయం తెలుగు చేసి చదువుకున్నాను. నాకే అసహ్యం వేసింది. 'శుక్రగ్రహము సాంద్ర మేఘావరణముచే పరివేష్టితమై యున్నది' అని రాశాను. రష్యన్‌లో అది చిన్నపిల్లకు కూడా అర్థమయ్యే మాట. నా చేతిలోంచి ఇదెలా వచ్చిందో తెలియదు. కాలేజీలో నేర్పిన తెలుగు ఇదే మరి.

ఆ అధ్యాయం ఇందులో పెడుతున్నాను. మీ వరండాలో పిల్లలను కూర్చోబెట్టి చదువు. ఎక్కడ దిక్కులు చూస్తారో, ఆ చోట మనవాళ్లు ఏ మాట అంటారో రాయి. మామను కూడా అడుగు.

మీ
సుసన్నా

*

గోదావరిఖని
8 డిసెంబర్ 1975

బిడ్డా సుసన్నా,

ఉత్తరం చేరింది. కవరు మీది రాకెట్ స్టాంపు మీ మామ కత్తిరించి దాచుకున్నాడు. బొగ్గుబాయి నుంచి రిటైరై రెండేళ్లయినా ఆయన ఉమ్మేది నల్లగానే వస్తోంది. ఆ గిన్నె కడిగేది నేను. ఆ పూట అన్నం సహించదు. దవాఖానకు పొమ్మంటే అక్కడి వాసన తనకు పడదంటాడు. ఈ వాసన నాకు పడాలి కాబోలు.

నువ్వు చెప్పినట్టే ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలను వరండాలో కూర్చోబెట్టి చదివాను. రెండో వాక్యానికే ఒకరినొకరు గిల్లుకోవడం మొదలుపెట్టారు. పక్క క్వార్టరు పూలమ్మ జల్లెడ కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది టీచరమ్మా, మంత్రాలు సదువుతున్నవ్. ఎవలకన్న గాలి సోకిందా?" అంది.

కాగితం పక్కన పెట్టి మామూలుగా చెప్పాను. శుక్రుడి చుట్టూ ఎప్పుడూ మబ్బు ఉంటుందని, నేల కనిపించదని. పూలమ్మ అత్త ఐలవ్వ, గోదావరి అవతలి జైపూర్ నుంచి వచ్చిన ముసలమ్మ, గోడకు ఆనుకుని కూర్చుని వింటోంది.

"మొగులు వట్టిందన్నట్టు," అంది. "ఎన్నటికీ ఇడువని మొగులు."

పిల్లలందరూ ఆమె వైపు తిరిగారు. ఇక అక్కడినుంచి నాకు పని లేకుండా పోయింది. గ్రహం సూర్యుడి చుట్టూ తిరిగే దారిని ఏమంటారంటే "తొవ్వ" అన్నారు. "ఎవలి తొవ్వ వాళ్లదే, ఒకలకొకలు తగులరు," అని ఐలవ్వే సర్దింది. చంద్రుడి మీది గుంతలను పూలమ్మ "బొందలు" అంది. వేడి అంటే "ఉడుకు". అంగారకుడి మీద రాత్రి పడే చలి "ఇగం". గాలి బరువు సంగతి చెబితే మీ మామ లోపలినుంచి లేచి వచ్చాడు.

"అంటే బాయిల కప్పు కూసున్నట్టు," అన్నాడు. బొగ్గు తీసిన జాగా మీద పైకప్పు దిగుతుంటే గుంజలు మూలుగుతాయి కదా, అలాగట. "గంత ఉడుకుల, గంత బరువు కింద గా మిషిని ఒక్కతే పోయిందా. దాన్ని ఏ షిఫ్టుల దింపిండ్రో పాపం," అన్నాడు.

ఈ మాటలన్నీ అచ్చులో వస్తాయని వాళ్లకు చెప్పాను. పూలమ్మ నమ్మలేదు. "మా మాటలు పుస్తకంల ఎవలేస్తరు," అని జల్లెడ తీసుకుని వెళ్లిపోయింది. కాని మర్నాటినుంచి పిల్లలు నన్ను వదిలితే ఒట్టు. పుస్తకం ఎప్పుడు వస్తదని బడిలో కూడా అడుగుతున్నారు.

అక్కడ ప్రార్థనకు పోయే వీలుందో లేదో నువ్వు ఒక్కసారి కూడా రాయలేదు. పోనీలే, ఇంట్లోనైనా చేసుకో.

మీ అత్త
సుగుణమణి

*

మాస్కో
20 మార్చి 1976

అత్తమ్మకు వందనాలు.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. పుస్తకమంతా మళ్లీ మొదటినుంచి రాశాను. 'శుక్రుడి మీద ఎన్నటికీ విడవని మొగులు' అని పెట్టగానే ఆ అధ్యాయం దానంతట అదే నడిచింది. ఇప్పుడది భాష దిద్దేవారి దగ్గర ఉంది. ఆయన మూర్తి గారు. హైదరాబాద్ మనిషి, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతారు. చాలా చదువుకున్నవారు.

కొన్ని మాటలు తగ్గించక తప్పలేదు. మరీ ఎక్కువైతే మిగతా జిల్లాల పిల్లలకు ఇబ్బంది అవుతుంది కదా. ముఖ్యమైనవి ఉంటాయి. పిల్లలకు చెప్పు.

ప్రార్థన సంగతి అడిగావు. ఆదివారం కిటికీ దగ్గర కూర్చుంటాను. అంతే.

మామను దవాఖానకు పంపించు.

మీ
సుసన్నా

*

గోదావరిఖని
15 ఆగస్టు 1976

సుసన్నాకు,

మార్చి ఉత్తరం తర్వాత నీ దగ్గరినుంచి ఒక్క ముక్క లేదు. నేను రాసిన రెండింటికీ జవాబు లేదు. పెద్ద ఊరు, పెద్ద పని. కానీయ్.

ఏ మాటలు తగ్గించావో రాయలేదు. ఎందుకు తగ్గించావో రాసినది నాకు నచ్చలేదు. మా బడి పుస్తకాల్లో వచ్చే మాటలు మా పిల్లలకు ఇబ్బందని ఇన్నేళ్లలో ఎవరైనా తగ్గించారా? మేమే కదా నేర్చుకున్నది. నేనూ నీకు బడి తెలుగులోనే రాస్తున్నాను, చూడు.

అమెరికావాళ్ల యంత్రం అంగారకుడి మీద దిగిందని రేడియోలో చెప్పారు. దానికి చెయ్యి ఉందట, మట్టి తవ్వి అందులో ప్రాణం ఉందేమోనని చూస్తుందట. మీ మామ విని మొహం చిట్లించాడు. "పోయి పోయి గక్కడ గూడ తవ్వుడేనా," అన్నాడు. రెండు రోజులు ఆ మాటే. దగ్గు ఎక్కువైంది. దవాఖాన చీటీ రాయించాను.

పిల్లలు అడగడం మానలేదు.

సుగుణమణి

*

గోదావరిఖని
11 ఫిబ్రవరి 1977

సుసన్నాకు,

నీ పుస్తకం వచ్చింది. నువ్వు పంపలేదు. పుస్తకాల వ్యాను చౌరస్తాలో ఆగితే పిల్లలే చూసి పరుగెత్తుకొచ్చి చెప్పారు. నేను, పూలమ్మ, ఐలవ్వను చెయ్యి పట్టుకుని, అందరం పోయాము. అట్ట మీద శుక్రుడి బొమ్మ, లోపల నీ పేరు. బొమ్మలు బాగున్నాయి. కాగితం నున్నగా ఉంది. అక్కడే రోడ్డు పక్కన నిలబడి తెరిచాను.

శుక్రగ్రహము సాంద్ర మేఘావరణముచే పరివేష్టితమై యున్నది.

నువ్వు మొదట పంపిన ఆ వాక్యమే, అక్షరం పొల్లుపోకుండా. తొవ్వ లేదు, 'పరిభ్రమణ పథము' ఉంది. బొందలు లేవు, 'బిలములు' ఉన్నాయి. ఉడుకు లేదు, ఇగం లేదు. పిల్లలు నా చేతిలోంచి లాక్కుని ఒక్కో పేజీ వేలు పెట్టి వెతికారు. చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు తమ మాట ఎక్కడో ఉందని చెబుతూనే ఉన్నారు. చివరి పేజీ అయ్యాక పుస్తకం మళ్లీ నా చేతిలో పెట్టేశారు. ఐలవ్వ అడిగింది, "నా మొగులు ఉన్నదా బిడ్డా?" అని. పూలమ్మ నా మొహం చూసి ముసలమ్మను తీసుకుని వెళ్లిపోయింది. 

ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను. ఎందుకో తెలియదు, సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను.

తగ్గించానని రాశావు. ఇది తగ్గించడం కాదు. మా ఇంట్లో అన్నం తిని, మా మాట పలికితే నోరు పాడవుతుందనుకున్నావు. అంత అసహ్యమైతే మమ్మల్ని అడగకుండా ఉండాల్సింది. నేను వాళ్ల ముందు అబద్ధాలకోరునయ్యాను. పిల్లలు ఇప్పుడు వరండాకు రావడం లేదు.

మీ మామకు ఇదేమీ చెప్పలేదు. ఆయన ఆ పుస్తకం తలగడ దగ్గర పెట్టుకుని బొమ్మలు చూస్తున్నాడు.

సుగుణమణి

*

మాస్కో
14 మార్చి 1977

అత్తమ్మా,

నీ ఉత్తరం మూడు రోజులు నా దగ్గర పెట్టుకుని ఇప్పుడు రాస్తున్నాను. ముందే చెప్పాల్సింది చెప్పలేదు. నీకు బాధ కలుగుతుందని దాచాను. దాచడం వల్లే ఇంత దూరం వచ్చింది.

నా అనువాదం చూసిన రోజున మూర్తి గారు ఆ కాగితాలను కొసన రెండు వేళ్లతో పట్టుకుని, చచ్చిన ఎలుకను తోకపట్టి తెచ్చినట్టు తెచ్చి నా బల్ల మీద వేశారు. "ఏమిటమ్మా ఇది, బొగ్గు వాసన కొడుతోంది. బొంద అని రాశావు. అది తిట్టు కాదా? పిల్లలు చదివే శాస్త్రగ్రంథంలో తిట్లా?" అన్నారు. ఆ మాట నీకు రాయలేకపోయాను. మామ వింటాడని. ఇతర జిల్లాల పిల్లల పేరు చెప్పి తప్పించుకున్నాను.

నేను ఊరుకోలేదు. రెండు నెలలు వాదించాను. చివరికి మొగులు, తొవ్వ, ఉడుకు ఉంచుతానని ఒప్పుకున్నారు. అప్పుడే నాకు కామెర్లు వచ్చాయి. ఆస్పత్రిలో పడ్డాను, తర్వాత ఊరి బయట విశ్రాంతి ఇంట్లో నెలల తరబడి ఉంచారు. నీ ఉత్తరాలు హాస్టల్లోనే ఉండిపోయాయి. నేను లేని సమయంలో చివరి ప్రూఫులు ఆయనే చూసి సంతకం పెట్టారు. ఒప్పుకున్న మూడూ కొట్టేశారు. మొదట నేను పారేయబోయిన కాగితాలు ఫైల్లో ఉంటే, వాటిలోంచి ఆ వాక్యం తీసి పెట్టారు. పుస్తకం వచ్చాక నేను చూసినది కూడా నువ్వు చూసినదే. అందుకే నీకు పంపలేదు, ఉత్తరమూ రాయలేదు.

పోయిన వారం ఆయన గదికి వెళ్లి అడిగాను. నిదానంగా వింటూ టీ గ్లాసు ఎత్తారు. గ్లాసు చేతిలో జారింది. వేడి టీ వేళ్ల మీద పడగానే "అవ్వో, ఉడుకు, ఉడుకు" అని అరిచారు.

గదిలో ఇద్దరమే ఉన్నాము. నేను ఆయన మొహం చూస్తూ ఉండిపోయాను. రుమాలుతో చెయ్యి తుడుచుకుని, తలుపు మూసి వచ్చి కూర్చున్నారు.

"మీది ఏ ఊరు సార్?" అన్నాను.

"కమాన్‌పూర్," అన్నారు, మన పక్క ఊరే. "మా నాన్న ఆగయ్య. ఒకటో బాయిలో చేశాడు. ఇక్కడ ఎవరికీ తెలియదు, తెలియనివ్వకు."

అసలు పేరు లింగమూర్తి. హైదరాబాద్‌లో చదువుకోవడానికి పోయిన కొత్తలో హాస్టల్లో ఉడుకు నీళ్లు అడిగితే అందరూ నవ్వారట. నోరు తెరిస్తే చాలు, ముక్కు మూసుకుని బొగ్గు వాసన అనేవాళ్లట. "ఆ మాట నేను కనిపెట్టింది కాదు," అన్నారు. "నీ మాటలు అచ్చయితే నీ వరండా పిల్లలు ఒక రోజు సంతోషిస్తారు. తర్వాత జీవితమంతా నవ్వించుకుంటారు. నేను వాళ్లకు మేలు చేశాను."

ఆ ముందురోజు వరకు ఆయన మీద కోపం ఉండేది. ఇప్పుడు ఆ గదిలోకి అడుగుపెట్టాలంటేనే రోత పుడుతోంది. ఎవరో బయటివాడు మన కంచంలో ఉమ్మితే తిట్టి ఊరుకుంటాము. ఇతను అదే కంచంలో తిన్నవాడు.

రెండో ముద్రణ వేస్తే నా పేరు తీసేయమని రాసిచ్చాను. నువ్వు ఆ ఊళ్లో ఎవరితోనూ అనకు. ఐలవ్వకు ఏం చెప్పాలో నాకు తోచడం లేదు.

సుసన్నా

*

గోదావరిఖని
9 మే 1977

బిడ్డా సుసన్నా,

నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియదు. కామెర్లకు పథ్యం ఇంకా చేస్తున్నావా? నూనె ముట్టకు.

ఎవరితోనూ అనవద్దన్నావు. నేను మాత్రం కమాన్‌పూర్ పోయాను. ఆ ఆగయ్య ముందు పుస్తకం పెట్టి, నీ కొడుకు నిన్ను చూసి సిగ్గుపడి నీ మాటలు ఒక్కటొక్కటే తుడిచేశాడని చెప్పి రావాలని. బస్సులో పోతూ ఏమనాలో వాక్యాలు కూర్చుకున్నాను. సంగతి చెప్పకపోయినా మీ మామ కూడా వస్తానన్నాడు, ఆయనా ఆగయ్యా ఒక షిఫ్టులో చేసినవాళ్లే. దగ్గుతో వద్దని నేనే ఆపాను.

ఆగయ్య పెంకుటింటి ముందు నులక మంచంలో కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, "తీతన్న ఇంటామెవు గదా, రా తల్లీ, కూసో," అన్నాడు. మీ మామలాగే దగ్గు. మంచం కింద అదే నల్లటి గిన్నె, బూడిద పోసి ఉంది, ఈగలు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరు, కోడలు పొలానికి పోయిందట.

నేను సంచిలోంచి పుస్తకం తీశాను. ఆయన దాన్ని చూసి నవ్వి, లోపలికి పోయి, దేవుడి గూట్లోంచి ఎర్రగుడ్డలో చుట్టినది తెచ్చి విప్పాడు. అదే పుస్తకం. కొడుకు పంపాడట. అట్ట మీద పసుపు, కుంకుమ బొట్టు.

"మా లింగడు దిద్దిన పుస్తకం," అన్నాడు. "సదివినిపించెటోడే లేడు తల్లీ. పంచాయితీ ఆఫీసు పిలగాడు రెండు ముక్కలు సదివి, నాతోని గాదన్నడు. నువ్వు టీచరమ్మవు గదా, జర సదువు."

చదివాను. శుక్రుడి పేజీ మొత్తం. ఆయన చేతులు కట్టుకుని, తల వంచుకుని, గుడిలో నిలబడినట్టు విన్నాడు. చదవడం అయ్యాక కళ్లు తుడుచుకున్నాడు.

"ఒక్క ముక్క సమజ్ గాలే," అన్నాడు. "గంత సదివిండు మావోడు."

ఆ ముఖంలో ఎంత సంతోషం ఉందో నీకు రాయలేను. నా నోట్లోకి వచ్చిన వాక్యాలన్నీ అక్కడే ఉండిపోయాయి. పోనీ కథైనా తెలియనీ అని, "దాంట్ల ఏమున్నదో నేను చెప్పనా ఆగన్నా? శుక్రుని మీద ఎప్పుడూ మొగులు ఉంటదట," అన్నాను.

చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు తల్లీ. నువ్వు జెప్తే మామూలు ముచ్చటైతది."

పుస్తకం మళ్లీ గుడ్డలో చుట్టి గూట్లో పెట్టాడు. నాకు మజ్జిగ ఇచ్చాడు. గ్లాసు అంచు మీద ఈగ కూర్చుంది, లేపి తాగాను. ఆయన కొడుకు గురించి ఏమీ చెప్పకుండా తిరిగొచ్చాను. బస్సులో అసహ్యం మళ్లీ మొదలైంది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను. లింగమూర్తి మీద అనుకుంటే ఆ ముసలాయన మొహం అడ్డం వచ్చింది. ఇన్నేళ్లు నేను బడిలో చెప్పిన పాఠాలు కూడా గుర్తొచ్చాయి.

ఐలవ్వకు ఏమీ చెప్పలేదు. అడగడం మానేసింది.

మీ అత్త
సుగుణమణి

*

మాస్కో
3 జూలై 1977

అత్తమ్మకు, మామకు వందనాలు.

నీ ఉత్తరం మూర్తి గారికి చూపించాను. నువ్వు కోప్పడినా సరే, చూపించకుండా ఉండలేకపోయాను. ఆయన బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఆయన చేతిలో ఎర్రసిరా పెన్ను ఉంది, ఎప్పుడూ ఉంటుంది. పైనుంచి నిదానంగా చదువుతూ వచ్చారు. తండ్రి మాటల దగ్గరికి వచ్చేసరికి పెన్ను కాగితం మీద ఆనింది. 'సమజ్ గాలే' కొట్టేసి, పైన 'అర్థం కాలేదు' అని రాశారు. 'సదివిండు' కొట్టేసి 'చదివాడు' అని రాశారు. 'మావోడు' మీద గీత సగం వరకు వచ్చి ఆగిపోయింది.

తాను ఏం చేస్తున్నారో అప్పుడు చూసుకున్నారు. పెన్నుకు మూత పెట్టడానికి చాలాసేపు పట్టింది.

"బాపు బాగ దగ్గుతుండా?" అన్నారు. నాతో ఆ భాషలో మాట్లాడటం అదే మొదటిసారి.

దగ్గుతున్నాడట అన్నాను.  ఆయన కళ్లలో నీళ్లు ఉన్నాయి. నాకు జాలి కలగాల్సిందేమో, కలగలేదు. లేచి బయటికొచ్చి, మెట్ల దగ్గరి కిటికీ తెరిచి గాలి పీల్చుకున్నాను.

మర్నాడు రెండో ముద్రణ కాగితాలు ఆయన దగ్గరినుంచే వచ్చాయి. ఒక్క మాట మారలేదు. నా పేరు మాత్రం తీసేశారు, నేను అడిగినట్టే. ఆయన పేరు ఉంది.

తర్వాతి పుస్తకం బృహస్పతి మీద. అమెరికావాళ్లు ఈ వానాకాలమే అటు రెండు యంత్రాలను పంపబోతున్నారు. అది కూడా నన్నే చేయమన్నారు. నావల్ల కాదని ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. సెప్టెంబరులో ఊరికి బయలుదేరుతున్నాను. అక్కడ ఏం పని దొరుకుతుందో తెలియదు. ఏ బడిలోనైనా సరే. వచ్చాక పిల్లల ముందు నేనే కూర్చుంటాను. వస్తారో రారో చూద్దాం.

ఆ దిద్దిన ఉత్తరం నా దగ్గరే ఉంచుకున్నాను. నువ్వు మళ్లీ కమాన్‌పూర్ వైపు పోతే, దగ్గు ఎలా ఉందని కొడుకు అడిగాడని ఆగయ్యకు చెప్పు. అంతవరకే చెప్పు.

సుసన్నా